పెరటి దిబ్బకు చట్టములెందుకు వచ్చినవి?

చెట్టు ఆకు రాల్చుట ఎంత సహజమో, రాలిన ఆకు మట్టిలో కలియుటయు అంత సహజము. అడవిలో ఈ పనిని ఎవరును పర్యవేక్షింపరు. అయినను, అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య తీరమున ఉన్న సియాటిల్ నగరములో 1989లో ఒక నియమము అమలులోనికి వచ్చినది. గృహస్థుడు తన పెరటిలో రాలిన ఆకును, కోసిన గడ్డిని మామూలు చెత్తడబ్బాలో వేయరాదని ఆ నియమము. 2015 నుండి వంటింటి తొక్కలు, తినగా మిగిలిన ఆహారము కూడ ఆ డబ్బాలో వేయరాదనిరి. వేసినచో ఇంటికి 1 డాలరు, పలు కుటుంబములు నివసించు భవనమునకు 50 డాలర్లు జరిమానా అని నిర్ణయించిరి.

ఆకు, గడ్డి, కూరతొక్కలు! ఇంత అల్పమైన వస్తువులను గూర్చి నగర ప్రభుత్వములు శాసనములు చేయవలసిన అవసరమేమి? పైకి చూచుటకు ఇవి అధికారుల చాదస్తమువలె కనిపించును. కాని వీటిలో ప్రతి నియమము వెనుకను సూక్ష్మజీవ శాస్త్రమునకు సంబంధించిన సత్యమొకటి, మానవుడు నష్టపడి నేర్చిన పాఠమొకటి ఉన్నవి. ఆ పాఠములను వరుసగా పరిశీలించినచో ఆకు చెత్తగా ఎట్లు మారినదో, మరల ఎరువుగా ఎట్లు మారుచున్నదో తెలియును.

దూరమే మొదటి నియమము

ప్రాచీన నగరములు ఇట్టి చెత్తను గూర్చి చేసిన నియమములు ముఖ్యముగా దూరమునకు, స్థలమునకు సంబంధించినవి. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమునాటి ఏథెన్సు పరిపాలనను వర్ణించు గ్రంథమొకటి అరిస్టాటిల్ పేర లభించినది. మలమును, పెంటను ఎత్తుకొనిపోవు పనివారు దానిని నగరపు గోడకు 10 స్టేడియముల లోపల, అనగా సుమారు 1.8 కిలోమీటర్ల లోపల, పోయకుండ చూచుట నగరాధికారుల విధులలో ఒకటి అని అందు కలదు. మన దేశమున కౌటిల్యుని అర్థశాస్త్రము వీధిలో దుమ్ము పోసినవానికి పణములో 8వ వంతు, బురదగాని నీరుగాని నిలుచునట్లు చేసినవానికి 4వ వంతు జరిమానా విధించినది.

ఇందు గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. ఈ నియమములు ఆ పదార్థమును పనికిరానిదని చెప్పలేదు. అది ఎచ్చట ఉండరాదో మాత్రమే చెప్పినవి. పనికివచ్చు చోటు వేరుగా ఉన్నదని అందరికిని తెలియును. ఆ చోటు పొలము.

తెలుగు పల్లెలలోని పెంటదిబ్బ ఇందుకు మంచి నిదర్శనము. పశువుల పేడ, ఇల్లు ఊడ్చిన కసవు, పొయ్యిలోని బూడిద, పశువులు తినగా మిగిలిన చొప్ప, ఇవన్నియు ఏడాది పొడవున దొడ్డిలో ఒక మూల చేరుచుండును. ఎండకాలము చివర, ఏరువాకకు ముందుగా, రైతు దానిని బండ్లకెత్తి పొలమునకు తోలును. చెత్తకును ఎరువునకును నడుమ ఉన్నది కొన్ని మాసముల కాలమే.

అయితే ఈ దిబ్బలో రెండు లోపములు కలవు. ఎండకు, వానకు తెరచి ఉన్నందున అందలి నత్రజనిలో కొంత అమ్మోనియా వాయువుగా గాలిలో కలిసిపోవును, కొంత వాననీటితో కొట్టుకొనిపోవును. రెండవది, పచ్చి పేడలో ఈగలు గ్రుడ్లు పెట్టును. పల్లెలో ఇండ్లు దూరదూరముగా ఉన్నపుడు ఈ రెండవ లోపము అంతగా బాధింపలేదు. ఇండ్లు దగ్గరైన పట్టణములలో అదియే ప్రధాన సమస్య అయినది.

ఇండోరు గుంత

పెరటి దిబ్బను శాస్త్రీయమైన పద్ధతిగా మార్చిన పరిశోధన మన దేశముననే జరిగినది. ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడు 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమునకు వచ్చెను. 1924లో ఇండోరులో స్థాపితమైన సస్య పరిశోధన సంస్థకు ఆయన అధిపతి అయ్యెను. అచ్చట యశ్వంత్ వాడ్ అను భారతీయ రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఎరువు తయారీపై పనిచేసి, ఆ ఫలితములను 1931లో గ్రంథరూపమున ప్రకటించెను.

హోవర్డునకు దారి చూపినవారిలో చైనా రైతులున్నారు. అమెరికా మృత్తికా శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ 1909లో చైనా, కొరియా, జపాను దేశములలో పర్యటించి వ్రాసిన గ్రంథము 1911లో వెలువడినది. షాంఘై నగరములోని విదేశీయుల పేటవారు 1908లో ఇండ్లనుండి మలమును ఎత్తుకొనిపోవు హక్కును ఒక గుత్తేదారునకు 31,000 డాలర్లకు పైగా అమ్మిరని కింగ్ తెలిపెను. ఆ మలము 78,000 టన్నులు. ఇతర నగరములు డబ్బిచ్చి వదలించుకొను పదార్థమును ఆ నగరము డబ్బు పుచ్చుకొని అమ్మినదన్నమాట.

ఇండోరు పద్ధతిలో 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 నుండి 3 అడుగుల లోతు గల గుంత త్రవ్వుదురు. అందులో ఆకులు, కలుపు మొక్కలు, చొప్ప మొదలగు వృక్ష పదార్థములను ఒక పొరగా పరచి, దానిపై పేడను, పశువుల మూత్రము పీల్చిన మట్టిని, కట్టె బూడిదను చల్లి, నీటితో తడుపుదురు. ఇట్లు పొరపై పొరగా గుంత నింపి, మూడు మాసముల కాలములో మూడు పర్యాయములు తిరుగవేయుదురు. మూడవ మాసాంతమునకు నల్లని, పొడిపొడిగా ఉండు, దుర్వాసన లేని ఎరువు సిద్ధమగును.

పట్టణముల చెత్తకు, మలమునకు తగిన మరియొక పద్ధతిని 1939లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య రూపొందించెను. ఇందు కందకములో చెత్తను, మలమును పొరలుగా నింపి పైన మట్టితో కప్పుదురు. తిరుగవేయు పని లేదు. కూలి ఖర్చు తగ్గును. కాని ఎరువు సిద్ధమగుటకు 6 నుండి 8 మాసములు పట్టును. ఈ రెండు పద్ధతుల పేర్లు నేటికిని ప్రపంచమంతట వ్యవసాయ పాఠ్యగ్రంథములలో ఉన్నవి.

కుప్పలో జరుగు పని

ఈ గుంతలో పనిచేయువారు మన కంటికి కనబడని బాక్టీరియాలు, శిలీంధ్రములు. వీటికి శక్తినిచ్చునది కర్బనము. శరీర నిర్మాణమునకు కావలసినది నత్రజని. మొదట నత్రజని 1 వంతు ఉన్నచోట కర్బనము 30 వంతులు ఉన్నచో పని చురుకుగా సాగును. ఎండిన ఆకులో కర్బనము ఇంతకంటె ఎక్కువ. అందుచేత ఒట్టి ఎండుటాకు కుప్ప నెలల తరబడి అట్లే ఉండును. పచ్చిగడ్డిలోను, కూరతొక్కలలోను నత్రజని పాలు ఎక్కువ. అందుచేత ఒట్టి పచ్చిగడ్డి కుప్ప కుళ్ళి, అమ్మోనియా వాసన కొట్టును. రెండింటిని కలిపినపుడే సమతూకము కుదురును.

సూక్ష్మజీవులు శ్వాసించునపుడు వేడి పుట్టును. కుప్ప తగినంత పెద్దదైనచో ఆ వేడి లోపలనే నిలిచి ఉష్ణోగ్రత 55 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరుగును. ఈ వేడికి రోగకారక జీవులలో అధిక భాగము, ఈగల పురుగులు, కలుపు విత్తనములు నశించును. కుప్ప మరీ చిన్నదైనచో పుట్టిన వేడి పుట్టినట్లే బయటికి పోవును. సుమారు ఘనపు మీటరు పరిమాణము ఉండవలెనని తోటమాలులు చెప్పుటకు కారణమిదే.

గాలి ఆడినంత కాలము ఈ క్రియలో వెలువడునది ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి. గాలి అందనిచో వేరొక జాతి సూక్ష్మజీవులు ప్రవేశించును. దుర్వాసనతోపాటు మీథేను వాయువు పుట్టును. నూరేండ్ల కాలమును లెక్కకు తీసికొన్నచో, భూగోళమును వేడెక్కించుటలో మీథేను అంతే తూకము గల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు బలమైనది.

కలిపి పారవేయుట

ఇంత తెలిసిన తరువాత ఆకు చెత్తగా ఎట్లు మారినది? దీనికి సమాధానము ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, కలిపినందువలన.

ఇండోరు పద్ధతి త్వరలోనే సముద్రములు దాటెను. హోవర్డు రచనలు చదివి ప్రభావితుడైన జె. ఐ. రోడేల్ 1942లో అమెరికాలో సేంద్రియ వ్యవసాయమునకై ఒక పత్రిక స్థాపించెను. అభిరుచి గల కొందరు తమ పెరళ్ళలో ఎరువుకుప్పలు పెట్టుకొనిరి. కాని రెండవ ప్రపంచ యుద్ధానంతరము నగరముల వెలుపల పచ్చికబయళ్ళతో కూడిన ఇండ్లు లక్షల సంఖ్యలో లేచినవి. ఆ ఇండ్లలో నివసించువారిలో అధికులు సేద్యము చేయువారు కారు. ఎరువు వేయుటకు వారికి పొలము లేదు. ఆకురాలు కాలమున ఆకును పోగుచేసి తగులబెట్టుట వారి వాడుక అయినది. వాయు కాలుష్యమును గూర్చిన 1970నాటి చట్టము తరువాత అనేక నగరములు ఆ మంటలను నిషేధించినవి. అప్పుడు ఆకు సంచులలోనికెక్కి, సీసా, డబ్బా, ప్లాస్టిక్కులతోపాటు ఊరి బయటి చెత్త పూడ్చు స్థలమునకు చేరినది.

మంటను నిషేధించినవారు ఆకునకు మరియొక చోటు చూపలేదు. ఈ లోపమే తరువాతి చరిత్రకు మూలము. పూడ్చిన చోట గాలి ఉండదు కనుక ఆకు మీథేనుగా మారసాగెను. స్థలములు నిండసాగెను. 1988లో అమెరికాలో అట్టి స్థలములు సుమారు 8,000 ఉండగా, భూగర్భ జలములను కాపాడు కఠిన నిబంధనల వలనను, నిండిపోవుట వలనను 2002 నాటికి 1,800 కంటె తక్కువే మిగిలినవి.

1987 మార్చిలో న్యూయార్కు రాష్ట్రములోని ఐస్లిప్ ప్రాంతమునుండి సుమారు 3,100 టన్నుల చెత్తతో మోబ్రో 4000 అను సరుకుపడవ బయలుదేరెను. ఉత్తర కరోలినా మొదలుకొని మెక్సికో, బెలీజ్ వరకు ఏ రేవును దానిని దిగనీయలేదు. నెలల తరబడి తిరిగి తిరిగి, ఆ పడవ బయలుదేరిన చోటికే వచ్చెను. చివరకు ఆ చెత్తను బ్రూక్లిన్‌లో కాల్చివేసిరి. ప్రతిదినము దూరదర్శినిలో ఈ పడవను చూచిన ప్రజలకు, పారవేయుటకు చోటు అనునది తరుగనిది కాదని తెలిసివచ్చెను.

అప్పుడు లెక్కలు చూచినవారికి ఆశ్చర్యము కలిగెను. 1990లో అమెరికా పురముల చెత్తలో సుమారు ఆరవ వంతు, అనగా 3 కోట్ల 50 లక్షల టన్నులు, పెరటి ఆకు, గడ్డి, కొమ్మలే. అందు ఎరువుగా మారినది నూటికి 12 వంతులు మాత్రమే. సులువుగా మట్టిలో కలియు పదార్థమే చోటును ఆక్రమించుచున్నది! ఇల్లినాయ్ రాష్ట్రము 1990 జులై 1 నుండి, విస్కాన్సిన్ 1993 జనవరి 1 నుండి పెరటి చెత్తను పూడ్చుటను నిషేధించినవి. మరికొన్ని రాష్ట్రములు అదే మార్గమును అనుసరించినవి.

ఈసారి నిషేధముతోపాటు చోటు కూడ చూపిరి. కోసిన గడ్డిని పచ్చికపైననే వదలివేయుడని బోధించిరి. ఇంటిలో ఎరువు చేసికొనువారికి శిక్షణ ఇచ్చిరి. చేసికొనలేనివారి ఆకును వేరుగా సేకరించిరి. ఫలితముగా 2018 నాటికి ఆ దేశమున పెరటి చెత్తలో నూటికి 63 వంతులు ఎరువుగానో, మొక్కల మొదళ్ళలో కప్పుగానో ఉపయోగపడినవి.

నియమముల వెనుకనున్న శాస్త్రము

ఇండ్లలో ఎరువు చేయుటను గూర్చి పురపాలక సంఘములు చేసిన నియమములలో తరచుగా కనిపించునవి కొన్ని ఉన్నవి. మాంసము, ఎముకలు, నూనె పదార్థములు పెరటి కుప్పలో వేయరాదు. వంటింటి తొక్కలు వేయు డబ్బా ఎలుకలు దూరలేనిదై యుండవలెను. కుప్ప పొరుగువాని హద్దునకు, బావికి ఎడముగా ఉండవలెను. కుప్ప ఒక పరిమితికి మించి పెరుగరాదు. తెగులు సోకిన మొక్కలను, విత్తనము పట్టిన కలుపును వేయరాదు.

పైన చెప్పిన విషయములు గుర్తున్న విద్యార్థి వీటికి కారణములను తానే చెప్పగలడు. పెద్ద కర్మాగారములోని కుప్ప 60 డిగ్రీల వేడిని రోజుల తరబడి నిలుపుకొనగలదు; అచ్చట ఎముకలకును చోటున్నది. పెరటి కుప్ప అంత వేడిని నిలుపలేదు. వేడి చాలని చోట మాంసము కుళ్ళును, ఎలుకలు చేరును, కలుపు విత్తనము బ్రతికి మరల మొలచును. నూనె పదార్థము ఆకులను అంటుకొని గాలి ఆడనీయదు. కుప్పనుండి కారు నీటిలో కరిగిన లవణములుండును. అది బావిలోనికి ఇంకరాదు. మరీ ఎత్తైన కుప్ప తన బరువుచేతనే అణగి, అడుగున గాలి లేకుండ చేసికొనును.

శాసనకర్తలు కూడ ఈ భేదమును గుర్తించిరి. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రము 2012లో చేసిన చట్టము ప్రకారము 2020 జులై 1 నుండి ఆహార పదార్థములను చెత్తలో వేయుట నిషిద్ధము. కాని ఇంటిలో ఎరువు చేసికొనువారు మాంసమును, ఎముకలను చెత్తలో వేయవచ్చునని అందులోనే మినహాయింపు ఇచ్చిరి.

చట్టమునకు హద్దులు కూడ ఉన్నవి. సియాటిల్‌లో పనివారు ప్రతి ఇంటి చెత్తడబ్బాలోనికి తొంగిచూచి తప్పు పట్టుట పౌరుని ఏకాంత హక్కునకు భంగకరమని కొందరు వ్యాజ్యము వేయగా, 2016లో న్యాయస్థానము ఆ తనిఖీ పద్ధతిని కొట్టివేసెను. వేరుచేయవలెనను విధి నిలిచినది. పోలీసు పద్ధతి నిలువలేదు.

మన దేశములో

కలిపినందువలని నష్టమును మన దేశము మరియొక విధముగా చవిచూచినది. 1970ల దశాబ్దమున పెద్ద నగరములలో యంత్రములతో చెత్తను ఎరువుగా మార్చు కర్మాగారములను కేంద్ర ప్రభుత్వ సహాయముతో నెలకొల్పిరి. వాటిలో అనేకము కొంతకాలమునకే మూతపడినవి. వచ్చిన చెత్త కలగలుపుది. తయారైన ఎరువులో గాజుపెంకులు, ఇనుపముక్కలు, ప్లాస్టిక్కు ఉండెను. పాదరక్షలు లేక మడిలో దిగు రైతు గాజుపెంకులున్న ఎరువును కొనునా? ఎండిన ఆకును గాజునుండి ఇంటివద్ద వేరుచేయుటకు క్షణము చాలును. కర్మాగారములో యంత్రములకును అది పూర్తిగా సాధ్యము కాలేదు.

1994లో సూరతులో ప్లేగు వ్యాపించిన తరువాత నగరముల పారిశుద్ధ్యముపై దేశమంతట ఆందోళన పెరిగినది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాహిత వ్యాజ్యము ఫలితముగా 2000లో పురపాలక ఘన వ్యర్థముల నియమములు వెలువడినవి. అవి కుళ్ళు పదార్థమును పూడ్చరాదనినవి. ఆ భారమును ముఖ్యముగా పురపాలక సంఘములపై ఉంచినవి. 2016నాటి నియమములు ఆ బాధ్యతను ఇంటి గడప దాకా తెచ్చినవి. కుళ్ళునది, కుళ్ళనిది, ప్రమాదకరమైనది అని మూడు విధములుగా వేరుచేయుట గృహస్థుని విధి అనినవి; తోట చెత్తను విడిగా తన ఆవరణలోనే ఉంచి, స్థానిక సంస్థ ఆదేశానుసారము వినియోగింపవలెననినవి; వీధిలో పారవేయుట, తగులబెట్టుట నిషేధించినవి. ఇండ్లలో ఎరువు చేయుటను ప్రోత్సహింపవలసినదిగా స్థానిక సంస్థలకు చెప్పినవి. అదే సంవత్సరము డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము బహిరంగముగా చెత్త తగులబెట్టినచో 5,000 రూపాయలు, పెద్దమొత్తములో తగులబెట్టినచో 25,000 రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించెను.

చట్టము రాకముందే చేసి చూపిన ఊళ్ళును ఉన్నవి. అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలక సంఘము 2000 తరువాతి తొలి సంవత్సరములలోనే ఇంటింట తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా సేకరించి, తడి చెత్తను వానపాముల సాయముతో ఎరువుగా మార్చి అమ్మి, దేశమంతట పేరు పొందినది. అచ్చట కొత్త యంత్రమేదియు కనిపెట్టలేదు. ప్రతి ఇంటికి రెండు డబ్బాలు ఇచ్చుట, రెండింటిని వేరుగానే తీసికొనిపోవుట, ఈ రెండే ముఖ్యమైన పనులు. ఇంటివారు వేరుచేసి ఇచ్చిన దానిని బండివాడు వారి కన్నులయెదుటనే కలిపివేసినచో మరునాడు ఎవరును వేరుచేయరు. ఈ నియమముల జయాపజయములు జరిమానా మొత్తముకంటె ఈ నమ్మకముపైననే ఆధారపడి ఉన్నవి.

పాఠశాలలో ఒక ప్రయోగము

మన పాఠశాలల ఆవరణలలో వేప, కానుగ చెట్లు శిశిరములో ఆకు రాల్చును. అనేక చోట్ల ఆ ఆకును ఊడ్చి ఒక మూల నిప్పు పెట్టుట వాడుక. దానికి బదులు ఉపాధ్యాయులు విద్యార్థులచేత మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల రెండు కుప్పలు వేయింపవచ్చును. ఒకదానిలో ఎండుటాకు మాత్రమే వేయవలెను. రెండవదానిలో ఎండుటాకుతోపాటు కోసిన పచ్చిగడ్డిని, కొద్దిగా పేడను పొరలుగా వేసి, పిడికిట నొక్కినపుడు చెమ్మ తగులునంతగా తడిపి, వారమునకొకసారి తిరుగవేయవలెను. పొడవైన కఱ్ఱతో కుప్ప నడుమ రంధ్రము చేసి, దారము కట్టిన ఉష్ణమాపకమును దింపి, ప్రతిదినము ఒకే వేళకు రెండింటి ఉష్ణోగ్రతను వ్రాసికొని రేఖాపటము గీయవలెను. రెండు వారములు గడచునప్పటికి ఆ రెండు రేఖల నడుమ కనిపించు ఎడమే హోవర్డు, వాడ్ ఇండోరులో పరిశీలించిన విషయము.